చేవెళ్లలో ఇల్లు తెరవబోయే బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

చేవెళ్ల దగ్గర తాత భూమిలో పేదపిల్లలకు ఇల్లు కడుతున్నావని, చదువుతో పాటు కుట్టు, కరెంటు పని నేర్పిస్తావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో వాడికి సరిగా జవాబు కూడా చెప్పలేకపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ భూమిలో పాత దిగుడుబావి ఉంది కదా! ముందు దాని చుట్టూ గోడ లేపించు, పైన ఇనుప జాలీ వేయించు. పునాదులు ఆ తర్వాత.

2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ కాకుండా ఒక్క పిల్లనూ ఉంచుకోవద్దు. పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతోనే రావాలి. బడి కట్టే ఆలోచన మానుకో, సర్కారు బడికి పంపు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ మన రంగారెడ్డి జిల్లాలోనే పనికి పోయే పిల్లల్ని శిబిరాల్లో కొన్నాళ్లు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో సర్కారు బడిలోనే కూర్చోబెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్లో ఒక పిల్ల ఉండేది. తల్లి పాలమూరు నుంచి వలస వచ్చి బిల్డింగ్ పనుల్లో ఇటుకలు మోసేది. దాతలు అనాథలకైతేనే ఇస్తారని మేనేజరు రిజిస్టర్లో ఆ పిల్లను అనాథ అని రాయించాడు. తల్లి వచ్చిపోతే పిల్ల ఏడుస్తుందని, చదువు పాడవుతుందని నెలనెలా రావడాన్ని పండగలకు కుదించాడు. ఆమె గేటు దగ్గర జామపండ్ల సంచి ఇచ్చి వెళ్లిపోయేది. తర్వాత పని ఎక్కడికో మారింది, రాకడ ఆగింది. ఆమె ఏ ఊరిదో, ఎవరి మనిషో మా కాగితాల్లో ఒక్క ముక్క లేదు.

పిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్‌లో స్కాలర్‌షిప్‌కు కులం సర్టిఫికెట్ కావాలన్నారు. తల్లిదండ్రుల కాగితాలు లేనిదే తహసీల్దారు ఆఫీసులో ఎలా ఇస్తారు? లేబర్ అడ్డాల్లో అడుగుతూ తిరిగాం. చివరికి వాళ్ల ఊరి మేస్త్రీ ఒకతను ఆమెను తీసుకొచ్చాడు. తల్లి చేతులు చాస్తే ఆ పిల్ల వచ్చి నా వెనక నిలబడింది. సర్టిఫికెట్ వచ్చింది. తల్లీబిడ్డల మధ్య పోయినదాన్ని ఏ ఆఫీసులో అడగాలి, చెప్పు?

అందుకే, బిడ్డా, పిల్ల లోపలికి వచ్చిన రోజే తల్లి, మేనమామ, అమ్మమ్మ ఎవరుంటే వాళ్ల పేర్లు, ఊరు, ఫోన్ నంబర్లు రాయించు. మూడు నెలలకోసారి ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో నువ్వే చూడు. వచ్చే తల్లికి బస్సు ఛార్జీ ఇవ్వు, రాత్రి పడుకోవడానికి ఒక గది ఉంచు. పేదరికం ఒక్కటే కారణమైతే పిల్లను చేర్చుకోకముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి తీసుకెళ్లు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఇంట్లోనే ఉండి చదువుకునే పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. అది దొరికితే నీ ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉంటుంది. ఉండనీ.

ఒక మాటకు మాత్రం కోపం వచ్చింది. విరాళాల కోసం వాట్సాప్‌లో పంపిన కాగితంలో నలుగురు పిల్లల ముఖాలు పెట్టావట. వెంటనే తీసెయ్. ఇలాంటి పిల్లలెవరో బయటపెట్టడం అదే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. అది అటుంచు, రేపు పెళ్లిచూపుల్లో ఆ ఫొటో ఎవరో చూపిస్తే ఆ పిల్ల ఎంత కుంగిపోతుంది! నీ మనసు మంచిదని నాకు తెలుసు తల్లీ, తొందర ఎక్కువ, అంతే.

నేర్పించే పనికి సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే బయట కూలికే పోతారు. పద్నాలుగేళ్లు నిండకుండా మిషన్ మీద కూర్చోబెట్టొద్దు. పద్దెనిమిది నిండిన రోజు సంచి చేతికిచ్చి పంపొద్దు, ఇరవయ్యొకటి దాకా సాయానికి చట్టమే దారి ఇచ్చింది.

ఆదివారం మెహదీపట్నంలో బస్సెక్కి వస్తున్నా. దరఖాస్తు కాగితాలు తీసిపెట్టు. వార్డెన్‌గా పెట్టుకుంటానన్న ఆవిడను కూడా పిలిపించు, ఆమెతో నేను మాట్లాడాలి.

మీ పెద్దమ్మ