ఏసీఎల్ ఆపరేషన్ అయి ఐదు నెలలైంది, నొప్పి లేదు: పరుగు, జిమ్ రెండూ ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్‌కు ఆపరేషన్ జరిగి ఐదు నెలలైందని, నడకలోనూ మెట్లెక్కేటప్పుడూ నొప్పి లేదని, కాబట్టి పరుగు, జిమ్ ఒకేసారి మొదలుపెట్టాలనుకుంటున్నానని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. ఇదే ఆపరేషన్ చేయించుకుని, మీలాగే నొప్పి లేదన్న ధైర్యంతో తొందరపడి, రెండు నెలలు వెనక్కి పోయి, చివరికి పదమూడో నెలలో పది కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరుగెత్తినవాణ్ణి. నాకు అర్థమైనంతలో నొప్పి పోవడమూ, బలం తిరిగి రావడమూ ఒకేసారి జరగవు. నొప్పి ముందే వెళ్ళిపోతుంది, బలం నెలల తర్వాత గానీ రాదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న కాలంలోనే మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అందువల్ల నా జవాబు: జిమ్ ఇప్పుడే, పరుగు మాత్రం కాలు పరీక్షలో నెగ్గిన తర్వాతే.

నేను చేసిన పొరపాటు ఇది. నాలుగో నెలలో, పన్నెండు వారాలు దాటితే మెల్లగా పరుగెత్తవచ్చని నాకిచ్చిన కాగితంలో ఉంది కదా అని, ఆగకుండా మూడు కిలోమీటర్లు పరుగెత్తాను. పరుగెత్తుతున్నంతసేపూ ఏమీ తెలియలేదు, పైగా చాలా ఆనందంగా ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున మంచం దిగబోతే మోకాలిచిప్పకు ఇరువైపులా ఉండే చిన్న గుంటలు కనిపించలేదు. లోపలివైపు వేలితో పైకి నిమిరి, బయటివైపు కిందికి నొక్కితే, లోపలివైపు నీటిబుడగలా ఉబ్బింది. బోర్లా పడుకుని చూసుకుంటే ఆ కాలి మడమ రెండో మడమకంటే కాస్త పైకి ఉంది, అంటే మోకాలు పూర్తిగా చాచుకోవడం లేదు. పన్నెండు వారాలన్నది అంతకంటే ముందు పరుగెత్తవద్దని చెప్పే హద్దు మాత్రమేననీ, ఆ రోజు రాగానే పరుగెత్తమని చెప్పే అనుమతి కాదనీ అప్పుడు తెలిసింది.

ఫిజియోథెరపిస్టు మోకాలిచిప్పకు పది సెంటీమీటర్ల పైన టేపుతో రెండు తొడలూ కొలిస్తే, ఆపరేషన్ అయిన కాలు మూడు సెంటీమీటర్లు సన్నగా ఉంది. రోజూ అద్దంలో చూసుకుంటూ కూడా నేను దాన్ని గమనించలేదు. కుర్చీలో కూర్చుని ఒంటికాలిమీద లేవమన్నారు. మంచి కాలితో ఇరవైసార్లు లేచాను, రెండో కాలితో నాలుగోసారికే ఒళ్ళంతా పక్కకు ఒరిగిపోయింది.

దీనికి కారణం తెలిస్తే ఓపిక పట్టడం కొంత సులువవుతుంది. మోకాలిలో కొద్దిగా నీరు చేరినా తొడ ముందుభాగపు కండరం పూర్తిగా బిగుసుకోకుండా నాడీవ్యవస్థే అడ్డుపడుతుంది. మనం ఎంత గట్టిగా ప్రయత్నించినా బిగుసుకోమన్న ఆజ్ఞ కండరానికి పూర్తిగా చేరదు, కండరం పనిచేయకపోతే పెరగదు. వాపును పట్టించుకోకుండా వ్యాయామం పెంచుకుంటూ పోవడం వల్ల లాభం లేకపోవడానికి ఇదే కారణం. ఇక పరుగులో ప్రతి అడుగూ ఒంటికాలిమీదే పడుతుంది, నేలనుంచి వచ్చే తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. దాన్ని తొడ, పిక్క కండరాలు భరించాలి. అవి భరించలేనిది కీలు మీద పడుతుంది. తెగిన లిగమెంట్ స్థానంలో లోపల అమర్చిన గ్రాఫ్ట్, అంటే మరోచోటి నుంచి తీసి పెట్టిన స్నాయువు ముక్క, సంగతి వేరు: అది మొదటి కొన్ని నెలల్లో బలహీనపడి, తర్వాత నెమ్మదిగా లిగమెంట్‌లా మారుతుంది, ఆ మార్పు ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది. అది ఏ దశలో ఉందో నొప్పి మనకు చెప్పదు.

జిమ్‌లో నన్ను ఎక్కువ మోసం చేసింది రెండు కాళ్ళతో చేసే స్క్వాట్, అంటే బరువుతో గుంజీలా కూర్చుని లేవడం. బరువు పెంచుకుంటూ పోతున్నాను కాబట్టి బలం వస్తోందనుకున్నాను. ఒకరోజు అనుమానం వచ్చి, రెండు బరువు తూచే యంత్రాలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానిమీద ఒక్కో పాదం ఉంచి, సగం స్క్వాట్‌లో కదలకుండా నిలబడి మరొకరిని అంకెలు చదవమన్నాను. 72 కిలోల నా బరువులో మంచి కాలి కింద 43, రెండో కాలి కింద 29 కనిపించాయి. నాకు మాత్రం సమానంగానే నిలబడ్డాననిపించింది. ఆ రోజు నుంచి ప్రధాన వ్యాయామాలన్నీ ఒంటికాలికి మార్చాను: యంత్రంలో కాలితో బరువును నెట్టే ఒంటికాలి లెగ్ ప్రెస్, తక్కువ ఎత్తు మెట్టు మీద నుంచి అద్దం ముందు మెల్లగా దిగడం, తుంటి దగ్గర వంగుతూ బరువు ఎత్తే ఒంటికాలి డెడ్‌లిఫ్ట్. మెట్టు దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంటే బరువు పెంచకూడదు, ముందు ఆ వాలడాన్ని సరిచేసుకోవాలి. పిక్కల వ్యాయామాన్ని చాలామంది మరిచిపోతారు, నేనూ మరిచిపోయాను, నిజానికి పరుగులో అధిక శ్రమ పడేది అవే. కూర్చుని మోకాలు చాచుతూ బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం విషయంలో మాత్రం సొంత నిర్ణయం వద్దు. మోకాలు పూర్తిగా చాచే చివరి భాగంలో గ్రాఫ్ట్ మీద లాగుడు పెరుగుతుంది కాబట్టి, ఎంత కోణం వరకు చేయాలో మీ ఫిజియోథెరపిస్టే చెప్పాలి. గ్రాఫ్ట్‌ను తొడ వెనక కండరపు స్నాయువు నుంచి తీసి ఉంటే, మోకాలు మడుస్తూ బరువు లాగే హామ్‌స్ట్రింగ్ కర్ల్ కూడా తక్కువ బరువుతోనే మొదలవ్వాలి.

పరుగు మొదలుపెట్టే ముందు నేను రెండోసారి పాటించిన షరతులు ఇవి. వాపు బొత్తిగా ఉండకూడదు, మోకాలు రెండో కాలితో సమానంగా చాచుకోవాలి, అరగంట వేగంగా నడిచినా మర్నాడు నీరు చేరకూడదు, ఒంటికాలిమీద అక్కడికక్కడే చిన్న గెంతులు వేస్తే నొప్పి గానీ జంకు గానీ ఉండకూడదు, తొడ బలం మంచి కాలితో పోలిస్తే కనీసం 80 శాతం ఉండాలి. ఆపరేషన్‌లో మెనిస్కస్‌కు (మోకాలిలో మెత్తలా ఉండే మృదులాస్థికి) కూడా కుట్లు వేసి ఉంటే, ఇవన్నీ ఉన్నా సర్జన్ సరేననే వరకు ఆగాలి.

మొదటి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిదిసార్లు. చూసేవాళ్ళకు నవ్వు రావచ్చు, నాకే వచ్చింది. రోజు విడిచి రోజు, చదునైన దారిలో గానీ ట్రెడ్‌మిల్ మీద గానీ చేశాను. పల్లం దిగే దారులు మోకాలి ముందుభాగం మీద భారం పెంచుతాయి కాబట్టి వాటిని చాలా కాలం తప్పించాను. ముందు పరుగు నిమిషాలు పెంచాను, వేగం చాలా తర్వాత. రెండూ ఒకే వారంలో పెంచిన ఒక్కసారీ మోకాలు బిగిసింది. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. నేను 158 నుంచి 168కి మారాను, అలవాటు కావడానికి నెల పట్టింది.

పరుగెత్తేటప్పుడు మోకాలు ఏమంటుందోనని వినడంకంటే మర్నాటి పొద్దున దాన్ని చూడటం ముఖ్యం. పది మీద రెండు మూడు స్థాయి నొప్పి ఉండి తెల్లారేసరికి పోతే అదే మోతాదు కొనసాగించేవాణ్ణి. గుంటలు పూడినా, మడమలు సమానంగా లేకపోయినా ఆ రోజు పరుగు లేదు, తర్వాతి పరుగులో ఒక మెట్టు వెనక్కి. జిమ్‌లో కాళ్ళ వ్యాయామాన్ని పరుగు ఉన్న రోజు సాయంత్రమే పెట్టుకునేవాణ్ణి, అప్పుడు మర్నాడు కాళ్ళకు పూర్తి విశ్రాంతి దొరికేది. ఇది నాకు కుదిరిన పద్ధతి, వేరే రోజుల్లో చేయమనేవాళ్ళూ ఉన్నారు.

మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) గురించి కూడా అడిగారు. వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది, తప్పేమీ లేదు, కానీ అది కండరం చేసే పని చేయదు.

మీరు ఫుట్‌బాల్ గురించి కూడా ఒక మాట అన్నారు. తిన్నగా పరుగెత్తడం వేరు, ఆగి, మెలితిరిగి, గెంతే ఆటలు వేరు. వాటికి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, బలంలోనూ గెంతు పరీక్షల్లోనూ మంచి కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి. తొందరపడితే ఆపరేషన్ అయిన మోకాలికే కాదు, రెండో మోకాలికీ ప్రమాదమే.

మోకాలు మధ్యలో ఇరుక్కుని కదలకపోయినా, నడుస్తుండగా పట్టు తప్పినా, వాపుతోపాటు జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి. అవేవీ లేకపోతే, ఈ వారం ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు తొడల చుట్టుకొలత, ఒంటికాలి లెగ్ ప్రెస్‌లో ఒక్కో కాలు ఎత్తగల బరువు కొలిపించుకోండి. ఆ అంకెల మధ్య తేడా ఎంతో తెలిసే వరకు పరుగు బూట్లు పక్కన పెట్టండి.