ఏమీ వినపడటం లేదని బెంగపడే అమ్మాయికి

తల్లీ, వందనాలు.

ఉపవాసం ఉండి ప్రార్థన చేసినా, హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లాలో గుంటూరులో అమ్మ దగ్గరే ఉండాలో దేవుడు చెప్పడం లేదని, మీ సంఘంలో మిగతావాళ్లతో మాత్రం రోజూ మాట్లాడుతున్నాడని రాశావు. సంఘంలో తమ అనుభవాన్ని సాక్ష్యంగా చెబుతూ "ప్రభువు నాతో చెప్పాడు" అనేవాళ్లలో చాలామందికి కలిగింది మనసులో ఒక ఆలోచనే. అది తప్పని నేననను, కానీ చెవికి వినపడే స్వరం కోసం నువ్వు కాచుకుని కూర్చోకు.

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం కూడా మానెయ్. కొత్త సంవత్సరం ఆరాధనలో పంచిన వాగ్దానం కార్డు మీద నీకు యిర్మీయా 29:11 వచ్చిందట, మీకు మేలు చేసే ఆలోచనలే నాకున్నాయని దేవుడు చెప్పే మాట, సంతోషం. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివావా? అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. త్వరలోనే ఇంటికి వచ్చేస్తామని అబద్ధ ప్రవక్తలు వాళ్లకు తీపి కబుర్లు చెబుతుంటే, దేవుడు 70 ఏళ్లు పడుతుందన్నాడు, అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటమన్నాడు, పెళ్లిళ్లు చేసుకోమన్నాడు, తమను చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. నీ కార్డు మీది మాట వచ్చేది వీటన్నిటి తర్వాత. ఆఫర్ లెటర్‌కి జవాబు అందులో దొరకదు గానీ, ఎక్కడ ఉన్నా ఎలా బతకాలో బోలెడంత ఉంది.

గిద్యోనులా గుర్తు అడగొచ్చా అన్నావు. ఇశ్రాయేలును శత్రువుల నుంచి విడిపించమని దేవుడు అతనికి ముందే స్పష్టంగా చెప్పాడమ్మా, ధైర్యం చాలకే గొర్రెబొచ్చు పరిచి దాని మీద మంచు పడుతుందా లేదా అని గుర్తు అడిగాడు. దేవుడు ఓర్చుకున్నాడు, అంతే. "ఇవాళ హెచ్ఆర్ నుంచి ఫోన్ వస్తే దేవుని చిత్తం" అని పెట్టుకుంటే రోజంతా టెన్షన్ తప్ప ఏం మిగలదు.

నాకు ఎక్కువ ధైర్యమిచ్చేది అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. అపొస్తలుడైన పౌలు ఆసియా అనే రోమా రాష్ట్రంలో వాక్యం చెబుదామనుకుంటే పరిశుద్ధాత్మ అడ్డుకున్నాడు, బితూనియకు వెళ్దామంటే అదీ కుదరలేదు, అయినా ఎక్కడా చతికిలబడకుండా త్రోయ దాకా వచ్చాడు. అక్కడ రాత్రి, మాసిదోనియకు వచ్చి సాయం చెయ్యమని ఒకడు వేడుకుంటున్నట్టు దర్శనం కలిగాక కూడా తనొక్కడే తేల్చెయ్యలేదు, "మేము నిశ్చయించుకొని" అని రాసి ఉంది చూడు. ఆ పిలుపు నమ్మి మాసిదోనియలోని ఫిలిప్పీకి వెళ్తే దెబ్బలు తిని జైల్లో పడ్డారు. కాబట్టి మనసుకు హాయిగా ఉంటే దేవుని చిత్తం, కష్టమొస్తే కాదు అనే లెక్క నేను నమ్మను.

ఎవరైనా ప్రవచనం పేరుతో "ఈ ఉద్యోగం నీది కాదు" అంటే కొట్టిపారెయ్యకు, అలాగని వెంటనే తలూపకు. పరీక్షించమని 1 థెస్సలొనీకయులకు 5:21లో ఉంది. చెప్పి కానుక కూడా అడిగితే మాత్రం లేచి వచ్చెయ్.

ఇక చెయ్యాల్సింది. పొద్దున్నే ఫోన్ పట్టుకోకముందు మార్కు సువార్త మొదలుపెట్టి వరసగా చదువు. ఆ జీతంలో హాస్టలు, ఛార్జీలు పోను ఎంత మిగులుతుందో, అమ్మను చెకప్‌కి ఎవరు తీసుకెళ్తారో కాగితం మీద రాసి, అదే ప్రార్థనలో పెట్టు. అన్నట్టు, అమ్మ ఏమంటోందో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఈ రాత్రే అడుగు, తర్వాత నాకు ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ