చివరి సెకన్లలో చేజారిన కెమెరా

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో పాత ఫిల్మ్ కెమెరాకి వారమంతా నా పాటే పైన ఉంది. 3 సెకన్లు ఉందనగా ఎవరో ఎగరేసుకుపోయారు. ఇది మోసం కాదా అండీ?

జవాబు: ఒక గోడగడియారం నేనూ ఇలాగే పోగొట్టుకున్నాను, మీ బాధ తెలుసు. కానీ మోసం కాదండి. దీన్ని స్నైపింగ్ అంటారు; చేత్తో గానీ సాఫ్ట్‌వేర్‌తో గానీ ఆఖరి క్షణంలో పాట వేస్తారు. ఈబే అనే వేలం సైటు దీన్ని అనుమతిస్తుంది. అయితే వేగం ఒక్కటే గెలిపించదు. మీ గరిష్ఠ మొత్తం 500 అని ముందే ఇస్తే, సైటే మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుతుంది. అవతలివారు చివర్లో 450 వేసినా వస్తువు మీదే, అదీ 450కి ఒక్క మెట్టు పైన. వాళ్లు 500 దాటి వేస్తేనే పోతుంది. తక్కువ వేసి, ఎవరైనా దాటితే అప్పుడు చూద్దాం అనుకోవడమే మన పొరపాటు. ఆ 3 సెకన్లలో టెన్షన్‌తో వేలు కూడా కదలదు! చివర్లో పాట పడితే గడువు పొడిగించే సైట్లలో మాత్రం ఈ ఎత్తు పెద్దగా పారదు.