శ్రీశైలానికి బండి మాట్లాడే ముందు

చిరంజీవి చిన్నోడికి, పెద్దనాయిన ఆశీస్సులు.

కార్తీకంలో మనింటోళ్లందరినీ శ్రీశైలం తీసుకపోతున్నవని, బండి మాట్లాడే పని నీ మీదేసుకున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. చాలా సంతోషం. పదహారు మంది పెద్దలు, నలుగురు పిల్లలు అన్నది. ఎవరు కిరాయి తక్కువ చెప్తే వాళ్లకే అడ్వాన్స్ ఇస్తనంటున్నవట. అది విని మనసు ఆగక రాస్తున్న. బండి సంగతి తరువాత, ముందు డ్రైవర్ ఎవరో తెలుసుకో.

నలుగురిని అడిగితే కిరాయిల వెయ్యి, రెండు వేలు తేడా వస్తది. ఆ తేడా కోసం నల్లమల దారి ఎన్నడూ చూడని మనిషిని తెచ్చుకోకు. పాలమూరులనో, నాగర్‌కర్నూల్‌లనో, అచ్చంపేటలనో ఉండి, ఏడాది పొడుగునా ఆ దారిల తిరిగేటోళ్లు ఉన్నరు. దోమలపెంట దాటినంక ఘాట్ కిందికి దిగుతది, డ్యామ్ కింద కృష్ణ దాటి మళ్లీ సున్నిపెంట దిక్కు ఎక్కుతది. అక్కడ కొత్తోడు బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగుతడు. బ్రేకులు కాగితే పట్టు వదులుతయి. తెలిసినోడు ఏ గేరుల ఎక్కాలో ఆ గేరులనే దిగుతడు, బండిని ఇంజన్‌తోనే పట్టి ఆపుతడు. మేం పోయినప్పుడు వచ్చిన పిలగాడు ఒకడు ఘాట్ దిగంగనే బండి పక్కకు ఆపి, ఒక్కో చక్రం దగ్గర వంగి, చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసిండు. వెనక చక్రం దగ్గర కొంచెంసేపు ఆగి వాసన చూసి, 'పది నిమిషాలు ఆగుదాం, చాయ్ తాగుండ్రి' అన్నడు. అట్లాంటోడు దొరికితే కిరాయి దగ్గర ఎక్కువ గుంజకు.

డ్రైవర్‌తోని ఫోన్ల కాదు, ఎదురుంగ మాట్లాడు. ఓనరే నడుపుతడా, జీతానికి వేరేటోడు వస్తడా అడుగు. చాలాసార్లు మాట్లాడేది ఒకరు, పొద్దున వాకిట్లకు వచ్చేది ఇంకొకరు. 'నువ్వే వస్తవా, నీకు మొన్న రాత్రి నిద్ర ఉన్నదా' అని అడగడానికి మొహమాటపడకు. కార్తీకంల పెళ్లి ముహూర్తాలు కూడా ఉంటయి. రాత్రి పెళ్లోళ్లను దించి, తెల్లారగట్ల మీ ఇంటికి వచ్చే డ్రైవర్లు ఉంటరు. పాపం వాళ్ల బతుకుదెరువు అది. కానీ మన పిల్లలు ఆ బండిల ఉంటరు. పెద్ద ముహూర్తం ఉన్న రాత్రికి తెల్లారి ప్రయాణం పెట్టుకోకు, ఒక్క రోజు జరుపుకో. బండ్లు నడిపేటోళ్ల పనిగంటలు రోజుకు 8 అని, దూరం పోయేటప్పుడు 10 దాకా అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మనం పైసలిచ్చినమని 16 గంటలు తిప్పేటందుకు లేదు.

రాత్రి పూట అతను ఎక్కడ పండుకుంటడో కూడా నువ్వే చూడాలె. ఇది చాలామంది పట్టించుకోరు. మనోళ్లందరికీ సత్రంల గదులు బుక్ చేస్తరు, డ్రైవర్‌ను పార్కింగ్‌ల దోమల మధ్య సీట్ల మీద పండబెడతరు. గది తీసుకునేటప్పుడే అతనికి ఒక మంచం, ఒక బకెట్ నీళ్లు మాట్లాడు. మనం తినేటప్పుడు పిలిచి మనతోపాటే పెట్టు. బత్తా ఇస్తున్నం గదా అని అన్నం దగ్గర లెక్క చూడొద్దు.

ఇగ సీట్లు. 17 సీట్ల టెంపో ట్రావెలర్ సరిపోతది, పిల్లలు ఒళ్లో కూసుంటరని మీ అమ్మ అన్నది. వద్దు. ఘాట్‌ల సీట్లకు మించి మనుషులున్న బండి ఎక్కదు, దిగేటప్పుడు ఆగదు, ఏమన్నా జరిగితే ఇన్సూరెన్సోళ్లు సీట్ల లెక్కే అడుగుతరు. 20 సీట్లదన్నా, 26 సీట్లదన్నా చూడు. వెనక చివరి వరుస మీద కుదుపు ఎక్కువ. వాంతులయ్యేటోళ్లను, నడుం నొప్పి ఉన్న మీ మేనత్తను ముందు కూసోబెట్టు.

బండికి పసుపు నంబర్ ప్లేట్ ఉండాలె. తెల్లప్లేట్ బండిని కిరాయికి తిప్పుతుంటే ఎంత కొత్తదైనా ఎక్కొద్దు. నంబర్ అడిగి తీసుకొని ఎంపరివాహన్ యాప్‌ల కొట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నయో కనబడతయి. బండి దగ్గరికి పోతే టైర్లు చూడు. టైరు పక్క మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటయి. 2322 అని ఉన్నదనుకో, 2022ల 23వ వారం తయారైన టైరు. పైన నలుపు మెరిసినా లోపల రబ్బరు ముదిరినవి ఉంటయి. స్టెప్నీ కూడా దింపించి చూడు.

కిరాయి మాటలు ఒక్కొక్కటి విప్పుకో. మామూలుగా కిలోమీటరుకు ఇంత అని చెప్పి రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు మినిమం అంటరు. రెండు రోజులంటే అయిదు, ఆరు వందల కిలోమీటర్లకు బిల్లు కడతరు. పాలమూరు నుంచి శ్రీశైలం రాను పోను నాలుగు వందల లోపే. అందుకని గుత్తగా మాట్లాడు, లేకుంటే మిగిలిన కిలోమీటర్లల్ల ఉమామహేశ్వరం గుడి, మల్లెల తీర్థం జలపాతం కలుపుకో. ఉమామహేశ్వరం గుట్ట మీదికి ఆ సైజు బండి పోతదా, కిందనే ఆపాల్నా డ్రైవర్‌నే అడుగు. మల్లెల తీర్థం దగ్గర మెట్లు చాలా ఉన్నయి, ముసలోళ్లను బండిలనే ఉంచితే మంచిది. కిలోమీటర్లు ఇంటికాడి నుంచి లెక్కనా, వాళ్ల షెడ్డు నుంచా? డీజిల్, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, చెక్‌పోస్టు పైసలు ఎవరివి? ఇవన్నీ రాసి ఓనర్‌కు వాట్సాప్‌ల పెట్టి 'సరే' అనిపించుకో. కృష్ణ దాటితే ఆంధ్ర, శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాల ఉన్నది. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండైతే ఇబ్బంది లేదు. లేకుంటే ఆ రాష్ట్రం టాక్సు, టెంపరరీ పర్మిట్ ముందే కట్టాలె. 'అక్కడ చూసుకుందాం లే' అంటే ఒప్పుకోకు.

టైము గురించి చెప్తున్న, ఇది మరువకు. అమ్రాబాద్ పులుల అడవి గనక రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారిల బండ్లు పోనియ్యరు. మన్ననూర్ చెక్‌పోస్టు కాడ గేటు పడ్తది. రాత్రి రెండింటికి బయల్దేరి అక్కడ పిల్లలతోని చలిల కూసోవద్దు. నాలుగింటికి లేస్తే సరిగ్గా సరిపోతది. వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. సోమవారం దర్శనం క్యూ ఎప్పుడు అయిపోతదో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం అయిదు దాటితే ఆ రాత్రి అక్కడనే ఉండుండ్రి. గేటు పడ్తదని డ్రైవర్‌ను తొందర పెట్టి ఘాట్‌ల ఉరికించేటోళ్లను చూస్తే నాకు గుండె దడ పడ్తది. ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవర్ ఏసీ బంద్ చేస్తే లొల్లి చెయ్యొద్దని కూడా అందరికీ చెప్పు, ఇంజన్ వేడెక్కకుండా చేస్తడు.

ఆడోళ్లు ఎక్కడ దిగాల్నో బయల్దేరే ముందే డ్రైవర్‌తో మాట్లాడు. అడవి మొదలైనంక బాత్‌రూములు దొరకడం కష్టం, అచ్చంపేటల మంచి హోటల్ ఏదో అతనికి ఎరుకే ఉంటది. సద్ది కట్టుకపోతే కవర్లు, ఆకులు ఒక సంచిల వేసి మళ్లీ తెచ్చుకోండి, కోతులకు ఏం వెయ్యనియ్యకు.

అడ్వాన్స్ నాలుగో వంతు కంటే ఎక్కువ ఇయ్యకు. బండి ఖాయం అయినంక నంబర్, డ్రైవర్ ఫోన్ నాకు పంపు. అచ్చంపేట దిక్కు నాకు తెలిసినోళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నరు, అతని గురించి అడిగి చెప్త.

మీ పెద్దనాయిన