గోధుమరంగు పెద్ద పక్షి: ఆల్బట్రాస్ పిల్లా, జెయింట్ పెట్రెలా?

ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరున్న గుడ్‌హోప్ అగ్రానికి దక్షిణంగా ఓడ వెంట రెండు రోజులు వచ్చిన ముదురు గోధుమరంగు పక్షి ఆల్బట్రాస్ పిల్లేనా అని ఫొటో పెట్టి అడిగారు. నా ఉద్దేశంలో అది జెయింట్ పెట్రెల్, ఆల్బట్రాస్‌లాగే నడిసముద్రంలో తిరిగే మరో పెద్ద పక్షి.

మాది గంజాం జిల్లా గోపాల్‌పూర్. సరుకు ఓడలో సెకండ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక మా ఓడ కూడా ఆఫ్రికాను చుట్టి వెళ్లవలసి రావడంతో ఈ పక్షులు పరిచయమయ్యాయి. మొదటి ప్రయాణంలో నేనూ కనబడిన ప్రతి పెద్ద పక్షినీ ఆల్బట్రాస్ అనే రాసుకున్నాను.

రంగును నమ్మకండి. వాండరింగ్ ఆల్బట్రాస్ పిల్ల కూడా ముదురు గోధుమరంగుతోనే గూడు విడిచి, ఏళ్లు గడిచే కొద్దీ తెల్లబడుతుంది. అయితే ఆ వయసులోనూ దాని ముఖమూ, రెక్కల అడుగుభాగమూ తెల్లగానే ఉంటాయి. మీ ఫొటోలో ఆ రెండూ లేవు.

ఇప్పుడు ఫొటోను పెద్దది చేసి ముక్కు చూడండి. ఆల్బట్రాస్‌కు నాసికా గొట్టాలు, అంటే ముక్కు రంధ్రాలు తెరుచుకునే గొట్టాలు, ముక్కుకు చెరో పక్క చిన్నవిగా ఉంటాయి. జెయింట్ పెట్రెల్‌కు అవి కలిసిపోయి, ముక్కు మీద ఇంకో ముక్కు అతికించినట్టు, పైన ఒకే లావుపాటి గొట్టంగా కనిపిస్తాయి. ముక్కు కొస ఆకుపచ్చగా ఉంటే దక్షిణ జాతి, ఎర్రటి గోధుమరంగులో ఉంటే ఉత్తర జాతి. మీ పక్షి కొస ఎర్రగానే ఉంది.

సెలవుల్లో ఇటువంటి పక్షి వీడియోనే, మా ఊళ్లో చేపల వేటకు వెళ్లే మా మేనమామకు చూపించాను. ఆయన ముక్కు జోలికే పోలేదు. "ఇది గాలిని నమ్ముకున్న పిట్ట కాదురా, రెక్క కొట్టుకుంటోంది" అన్నాడు. పుస్తకాలు తిరగేసి నేను నేర్చుకున్నది ఆయన అర నిమిషంలో పట్టేశాడు. మూడు మీటర్లు దాటే రెక్కలున్న వాండరింగ్ ఆల్బట్రాస్ మంచి గాలిలో రెక్క ఆడించకుండానే చాలాసేపు తేలిపోతుంది. సుమారు రెండు మీటర్ల రెక్కలున్న జెయింట్ పెట్రెల్ మాత్రం వీపు గూనిగా, రెక్కలు బిగుసుకున్నట్టు నాలుగుసార్లు కొట్టి, కాస్త తేలి, మళ్లీ కొడుతుంది. గాలి పడిపోయిన రోజున ఈ పరీక్ష పనిచేయదు, అప్పుడు ఆల్బట్రాస్ కూడా రెక్కలు కొడుతుంది, లేదా నీటి మీద కూర్చుంటుంది.

మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు ఓడ వెనుక డెక్కు మీద, గాలి చాటున నిలబడండి. ఊగే ఓడలో పదింతలు చూపే దుర్భిణి కన్నా ఎనిమిదింతలు చూపేదే మేలు. అద్దం మీద పేరుకున్న ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి కనుక, ముందు మంచినీళ్లతో తడిపిన గుడ్డను మెల్లగా అద్దండి.