నాలుగు రోజుల్లో కాశీతో పాటు ప్రయాగ, గయ, అయోధ్య కూడా అవుతాయా?

నాన్నగారికి 71 ఏళ్ళు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, చేతిలో నాలుగు రోజులు అన్నారు. నాలుగు క్షేత్రాలూ అవుతాయి. కాకపోతే మీరు ఎక్కువసేపు చూసేది బస్సు కిటికీనే.

మొదటిసారి మేం చేసింది అదే. ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో అమ్మనీ పెద్దమ్మనీ తీసుకెళ్ళాను. కాశీ నుంచి ప్రయాగ 120 కిలోమీటర్లు, గయ 250 దాకా, అయోధ్య 200 పైన. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కాశీలో మాకు దక్కింది ఒక్క రాత్రి. బాగా పొద్దుపోయాక తోపులాటలో దర్శనం చేసుకుని బయటికొచ్చాక అమ్మ అంది, "స్వామిని చూశానో, నా ముందున్నాయన వీపు చూశానో తెలీలేదురా" అని.

అందుకే మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఐదు రాత్రులూ కాశీలోనే. మీక్కూడా అదే చెప్తాను. ఒకటే మినహాయింపు. నాన్నగారికి గయలో పిండప్రదానం చేయాలని గట్టిగా ఉంటే గయకి ఒక రోజు తీయండి, మిగతా రెండూ వదిలేయండి.

బస కేదార్ ఘాట్, పాండే హవేలీ వైపు చూడండి. అక్కడ సగం మంది తెలుగో తమిళమో మాట్లాడుతుంటారు, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. ఆంధ్రాశ్రమం ఆ చుట్టుపక్కలే, మానససరోవర్ ఘాట్ దగ్గర. గదులు ముందే మాట్లాడుకోవాలి. ఎక్కడ దిగినా కింది అంతస్తు అడగండి. పాత ఇళ్ళు, లిఫ్టులు తక్కువ, మెట్లు నిటారుగా ఉంటాయి. హరిశ్చంద్ర ఘాట్ పక్కనే కాబట్టి చితుల పొగ గదిలోకి వస్తుంది. మా పెద్దమ్మకి మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. మూడో రోజుకి తనే వెళ్ళి ఘాట్ మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది, భోజనానికి పిలిచినా లేవలేదు.

మోకాళ్ళకి అసలు పరీక్ష గుడి కాదు, ఘాట్లు. కేదార్ ఘాట్ ఎరుపు తెలుపు చారల మెట్లు ఫొటోలకి బాగుంటాయి, దిగాక ఎక్కడమే కష్టం. పడవ ఎక్కించాలంటే అస్సీ ఘాట్‌కి ఆటోలో తీసుకెళ్ళండి, నడక తక్కువ. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతిని పడవలో కూర్చునే చూడొచ్చు. ఒడ్డున ఆ జనంలో పెద్దవాళ్ళని నిలబెట్టొద్దు.

విశ్వనాథుడి గుడి 1780 ప్రాంతంలో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. 2021 డిసెంబరులో గుడి నుంచి గంగ దాకా వేసిన కారిడార్ తెరిచాక ప్రాంగణం విశాలమైంది, మాకు వీల్‌చైర్ కూడా దొరికింది. ఫోన్లు గదిలోనే వదిలి వెళ్ళండి. లేకపోతే "లాకర్ ఫ్రీ" అంటూ పూజసామాను అంటగట్టే కొట్లలో ఇరుక్కుంటారు. అన్నపూర్ణ గుడి పక్కనే. విశాలాక్షి గోపురం చూడగానే మన దక్షిణాది గుడిలా ఉందే అనుకుంటారు. నిజమే, దాన్ని కట్టించింది తమిళనాడు నాట్టుకోట్టై చెట్టియార్లు. వారాహి గుడి తెల్లవారుజామున కాసేపే తీస్తారు, పైనుంచి నేలలోని కన్నంలోంచి అమ్మవారిని చూడాలి. వంగలేని వాళ్ళకి కష్టం.

పంచగంగా ఘాట్ దగ్గర త్రైలింగ స్వామి మఠం ఉంది. ఆయన మన విజయనగరం ప్రాంతపు యోగి, 1887లో కాశీలోనే సమాధి అయ్యారు. అక్కడ మెట్లు మరీ ఎక్కువ. నేనొక్కడినే వెళ్ళొచ్చాను.

మూడో రోజు సారనాథ్ పెట్టుకోండి. 10 కిలోమీటర్లే, చదునైన నేల, పచ్చిక, హాయిగా ఉంటుంది. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియం సెలవు. మేం సరిగ్గా శుక్రవారమే వెళ్ళి, అశోకుడి నాలుగు సింహాల్ని జేబులోని నోటు మీద చూసుకుని వచ్చాం.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వద్దు, గంగ పొంగితే మెట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకి రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యం. ఫిబ్రవరి బాగుంటుంది, శివరాత్రి ఎప్పుడో చూసుకుని, ఆ జనాన్ని తప్పించుకునేలా టికెట్లు తీయండి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే కాశీకి దగ్గర్లోని మొగల్‌సరాయ్‌లో దిగాలి. ఇప్పుడు దాని పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్. మోకాళ్ళ సంగతి చూస్తే హైదరాబాద్ నుంచి విమానమే మేలు.

ఇంకొకటి. కాశీలో ఒక కాయ, ఒక పండు వదిలేస్తారు కదా, ఏం వదలాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. మా పెద్దమ్మ జన్మలో నోట పెట్టని కాకరకాయ వదిలేస్తానంది. పురోహితుడు నవ్వి, "ఇష్టమైంది వదలాలమ్మా" అన్నారు. ఘాట్ మీద అరగంట ఆలోచించి వంకాయ వదిలింది. ఇప్పుడు మా ఇంట్లో గుత్తివంకాయ చేసిన రోజు ఆవిడని భోజనానికి పిలవం.