జామాయిల్ కింద వానపాములేవి?

ప్రశ్న: మాది మూడెకరాల జామాయిల్ తోట. తవ్వితే చెదలే తప్ప వానపాము కనబడదు. గట్టు మీద కానుగల కింద మాత్రం బాగా ఉన్నాయి. నేల ఒకటే కదండీ, ఈ తేడా ఎందుకు? (ఒక రైతు, ప్రకాశం జిల్లా)

జవాబు: నేల ఒకటే, రాలే ఆకు వేరు. జామాయిల్ ఆకు మందం, నత్రజని తక్కువ, వగరు పదార్థాలూ నూనెలూ ఎక్కువ. వానపాములకు అది రుచించదు. పైగా ఆ వేళ్లు పైపొర తేమనూ లాగేస్తాయి. చెదలకు ఈ ఇబ్బంది లేదు, పుల్లనైనా తినేస్తాయి. కానుగ పప్పుజాతి చెట్టు, ఆకులో నత్రజని ఎక్కువ, త్వరగా కుళ్లుతుంది. ఆకులో సున్నమూ ముఖ్యమే: పోలండ్‌లో 14 జాతుల చెట్లను ఒకేచోట పెంచి చూస్తే, సున్నం ఎక్కువున్న ఆకు రాలినచోటే వానపాములు ఎక్కువ.

అయితే ఎండాకాలంలో తవ్వి చూశారేమో! అప్పుడవి లోతుకు పోయి చుట్టచుట్టుకుని పడుకుంటాయి. మంచి వాన పడ్డ వారానికి, పొద్దున్నే, మొదలుకు మీటరు దూరంలో 25 సెం.మీ. పొడవు, వెడల్పు, 30 సెం.మీ. లోతు గుంట తీయండి. మట్టిని గోనెపట్టా మీద చిదిమి లెక్కపెట్టి 16తో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. ఒక్క గుంట చాలదు, రెండుచోట్లా ఐదేసి తీయండి.

సాళ్ల మధ్య దున్నడం, ఆకు తగలబెట్టడం మానండి. గట్ల మీద గిరిపుష్పం (పచ్చిరొట్ట కోసం పెంచే చెట్టు, గ్లైరిసిడియా) పెంచి, వానాకాలంలో కొమ్మలు కొట్టి, జామాయిల్ ఆకు మీదే రెండు మూడంగుళాల మందాన పరవండి. కొన్న వానపాముల్ని తెచ్చి వదలడం మాత్రం దండగ. అవి పేడకు అలవాటుపడ్డ రకాలు, అక్కడ బతకవు.